రాహుకాలంలో పట్టిన నిద్ర

కెంట్ రిడ్జ్, విద్యార్థుల హాస్టల్
ఆదివారం సాయంత్రం

ఉమ పిన్నికి,

నమస్కారం. నా మీద మోపిన అభియోగం ఇది: శుభమా అని మీరు ఇంటికి బయానా ఇవ్వబోతున్న వేళ, వర్జ్యం లేని ముహూర్తంలో, నలుగురి ముందు నేను అపశకునం పలికాను. "ఈ కప్పు ఊడి పడుతుంది" అన్నాను. అన్న మరుక్షణం వంటింటి పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి కమలాదేవి ఆంటీ సిగలో పడింది. ఆంటీ మల్లెపూలు దులుపుకుంటూ, "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారే పిల్లా, ఆ నోరు కాస్త కట్టుకోకూడదూ!" అన్నారు. నువ్వు బయానా కవరు మళ్ళీ బ్యాగులోకి నెట్టి, బస్టాపు దాకా నా మొహం చూడలేదు. బస్సెక్కాక మాత్రం అన్నావు: "ఫోనులో నీతో నేను నెగ్గలేను. నా వాక్యం పూర్తయ్యేలోపు నీ తీర్పు వచ్చేస్తుంది. చెప్పుకోవాల్సింది ఏమన్నా ఉంటే ఉత్తరం రాసి, ఫోటో తీసి పంపు. తీరిగ్గా చదివి తీరిగ్గా తిడతాను."

రాస్తున్నాను. తీరిగ్గానే తిట్టు.

మా డిబేట్ క్లబ్బులో ఒక నియమం ఉంది: ఖండించే ముందు ఎదుటివారి వాదాన్ని వారికంటే బాగా చెప్పాలి. మన శాస్త్రకారులు దాన్నే పూర్వపక్షం అన్నారు. కాబట్టి ముందు నీ పక్షం. బూన్ లేలోని ఆ ఫ్లాట్‌కు తూర్పు గుమ్మం. ఆగ్నేయాన వంటిల్లు. గంగాధర్ బాబాయి జురాంగ్ ఐలాండ్‌లోని రసాయనాల ప్లాంటుకు వెళ్ళే కంపెనీ బస్సు వీధి చివరే ఆగుతుంది. చూపించిన భరద్వాజ్ అంకుల్ ఏజెంటే అయినా ఈ పరాయి దేశంలో మనవాడు; రాహుకాలం, వర్జ్యం తప్పించి ఆదివారం ఉదయాలే ఇల్లు చూపించే మర్యాదస్తుడు. ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళు మారి విసిగిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఇదీ నీ వాదం. నీకంటే బాగానే చెప్పాననుకుంటాను.

ఇక ఖండన. తథాస్తు దేవతలు ఉన్నారనే ఒప్పుకుందాం. వారికి నా నోటిపై అంత గురి ఉంటే నిరుడు ఫైనల్లో నేను గెలిచి ఉండాలి. పోనీ, ఈ ఉదయం ఒక్కసారి విన్నారనుకుందాం. "తథాస్తు" అన్నంతలో ఇనుము తుప్పు పట్టదు. స్లాబు లోపలి చువ్వలకు ఏళ్ళ తరబడి తేమ తగలాలి. అవి తుప్పెక్కి ఉబ్బాలి. ఉబ్బిన ఇనుము తన కింది కాంక్రీటును నెట్టాలి. అప్పుడు గాని పెచ్చు ఊడదు. నేను గొడుగు పిడితో తట్టినప్పుడు కప్పు డొల్లగా మోగింది. మోగాకే మాట అన్నాను. కారణం ముందు, మాట తరువాత. ఆ వరుసను తారుమారు చేసి నన్ను దోషిని చేశారు.

అసలు దోషిని నేను చూపిస్తాను. ఇల్లంతా పాత రంగు వెలిసిపోయి ఉండగా, వంటింటి కప్పుకు మాత్రం కొత్త తెల్లరంగు ఎందుకు వేశారు? లోపమున్న ఇంటిని అమ్ముకోవచ్చు. లోపానికి ముసుగు వేసి అమ్మడాన్ని మోసమంటారు. పెచ్చు ఊడకపోతే ఆ ముసుగుతో సహా, ఉన్నదున్నట్టుగా, మీరు కొని ఉండేవారు.

వచ్చే ఆదివారం ఇంకో మంచి ముహూర్తం ఉందని అంకుల్ అప్పుడే మెసేజ్ పెట్టారట. ఆ రోజు నువ్వు బయానా ఇవ్వకూడదన్నది నా ప్రతిపాదన. ఖండించు.

నీ అక్క కూతురు,
మహతి

*

జురాంగ్ వెస్ట్
సోమవారం

చిరంజీవి మహతికి,

పిన్ని ఆశీస్సులు. నోటికి తప్ప మిగతా నీకంతటికీ.

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. కాఫీ తాగుతూ విని, "తుప్పు సంగతి చక్కగా రాసిందే" అన్నారు. కట్టుకున్నవాడే అవతలి పక్షంలో చేరాక నాకింక దిక్కెవరు చెప్పు.

నువ్వు చదివేది లా. సిమెంటు, ఇనుము నీకెప్పుడు ఒంటబట్టాయి? గూగుల్లో చూసి రాశావని తెలుసు. ఈ ఊళ్ళో పాత ఫ్లాట్లలో పెచ్చులు ఊడని వంటిల్లు ఒకటి చూపించు, నీ పేరు చెప్పుకుని కొంటాను. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ఇల్లెందుకంత కావాలో నీకు తెలీదు. హాస్టల్లో వండి పెట్టినది తినేదానివి. మా యజమానురాలు మంచిదే, కానీ అగ్రిమెంటులో ఒక మాట రాయించింది: ఘాటైన వంటలు చేయరాదు. అందుకని ఇంగువ తాలింపు పెట్టేముందు నేను కిటికీలన్నీ మూస్తాను. వీధి తలుపు కింద తడి తువ్వాలు దోపుతాను. పొయ్యి ముందు దొంగలా నిలబడతాను. ఎండుమిరపకాయలు వేగుతుంటే దగ్గొస్తుంది కదా, ఆ దగ్గు పక్కింటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంటాను. నవ్వకు. తలుపులు బార్లా తీసి తాలింపు పెట్టగలిగిన చోటునే నేను సొంతిల్లంటాను. ఆ బూన్ లే వంటింట్లో నిలబడితే, కప్పు వైపు చూడాలనే నాకు తోచలేదు. పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చూసుకున్నాను.

మీ బాబాయి బాగానే ఉన్నారు. నైట్ షిఫ్టులు నడుస్తున్నాయి. పక్క ఫ్లాటువాళ్ళు గోడలు కొట్టించి బాగుచేయించుకుంటున్నారు, పగలంతా డ్రిల్లు మోత. అంతే, ఇంకేమీ లేదు.

ఆదివారం బయానా ఇచ్చేస్తాను. వస్తే రా. పులిహోర చేస్తున్నాను, నోటికి పని చెప్పాలనిపిస్తే దానితో చెప్పు.

పిన్ని

*

కెంట్ రిడ్జ్
మంగళవారం

పిన్నికి,

తాలింపు వాదనలో పాయింటు నీది. కొంగు నోట్లో కుక్కుకున్న సంగతి చదివాక హాస్టల్ సాంబారు గిన్నె పక్కకు నెట్టేశాను.

అయితే సాక్షి "అంతే, ఇంకేమీ లేదు" అన్నచోటే మంచి వకీలు ఆగుతాడు. నైట్ షిఫ్టు చేసే మనిషి పగలు నిద్రపోవాలి. పగలంతా డ్రిల్లు. మరి బాబాయి ఎప్పుడు నిద్రపోతున్నారు? ఈ ప్రశ్న నీకు వదిలేస్తున్నాను. నాకెందుకో నువ్వు దీనికి జవాబు రాయవనిపిస్తోంది.

ఇప్పుడు కొత్త వాదన. ఆ ఇల్లు మీరు మూడుసార్లు చూశారు. మూడుసార్లూ ఆదివారం ఉదయమే. సోమవారం ఉదయం రాహుకాలం, మంగళవారం అసలే పనికిరాదు, గురువారం మధ్యాహ్నం మళ్ళీ రాహుకాలం. అన్నీ తీసేస్తే చివరికి మిగిలేది ఆదివారం పొద్దు. ఆ పూట వీధి ప్రశాంతంగా ఉందని నువ్వే మురిసిపోయావు. ఉండదు మరి? పక్కనే కార్ఖానాల దారి. లారీలకు ఆదివారం సెలవు. మీరు రాహువును తప్పించుకున్నారు. ఆయనతోపాటు లారీలను కూడా తప్పించుకున్నారు. ఏ వేళల్లో ఇల్లు చూడకూడదని పంచాంగం చెబుతోందో, సరిగ్గా ఆ వేళల్లోనే బాబాయి ఆ ఇంట్లో నిద్రపోవాలి!

ఇంకొక్క మాట. మీ గోడ మీది క్యాలెండరు కాకినాడ నుంచి అమ్మ పంపింది. అందులోని రాహుకాలం అక్కడి సూర్యుడిది. ఇక్కడ ఏడు కొడితే గాని తెల్లవారదు. ఆ లెక్కన నువ్వు ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు నిండు రాహుకాలంలో గడప దాటావో ఆలోచించు. ఏమైంది? నిక్షేపంగా ఉన్నావు, నన్ను తిట్టే ఓపికతో సహా.

గురువారం మధ్యాహ్నం రాహుకాలంలో ఆ ఇల్లు చూద్దాం. ఇది నా సవాలు.

మహతి

*

జురాంగ్ వెస్ట్
బుధవారం

మహతీ,

తెలిసి రాహుకాలంలో నేను గడప దాటను. క్యాలెండరు కాకినాడదైనా కైలాసానిదైనా సరే. ఆ మాట ఇంక అడగకు.

కానీ నువ్వు ఆగినచోట నేనూ ఆగాను. జవాబు రాయనన్నావు. రాస్తున్నాను.

పోయిన వారం డ్యూటీలో, కంట్రోల్ రూములో, మీ బాబాయికి కుర్చీలోనే కునుకు పట్టింది. అలారం మోగింది. ఆయనకు వినపడలేదు. పక్క సీటులోని శ్రీనాథ్ అని మన వరంగల్ అబ్బాయి, తనే అందుకుని చేయాల్సింది చేసి, తరువాత "గంగాధర్ అన్నా" అని భుజం తట్టాడట. ఏమీ జరగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున ఇంటికొచ్చి ఆయన బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. "ఉమా, నేను నిద్రపోయాను" అన్నారు, ఎవరినో కొట్టి వచ్చినవాడిలా. అప్పుడే పక్కింట్లో డ్రిల్లు మొదలైంది.

ఎవరికీ చెప్పొద్దన్నారు. అందుకే నీకు రాయలేదు. అందుకే నాకా తొందర. సొంతింట్లోకి వెళితే ఆయనకు నిద్ర అదే వస్తుందనుకున్నాను. ఆ వీధి పగటిపూట ఎలా ఉంటుందన్న ఊహే నాకు రాలేదే. మంచి ఘడియలు వెతుక్కోవడంలో పడిపోయాను.

రేపు పొద్దున ఆయన డ్యూటీ దిగుతారు. నువ్వు తీసుకెళ్ళు. నేను రాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. గెలవడానికి రాయకు.

పిన్ని

*

కెంట్ రిడ్జ్
గురువారం

పిన్నీ,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

భరద్వాజ్ అంకుల్ తాళంచెవులతో కిందే నిలబడి ఉన్నారు. "అమ్మా, ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది కదమ్మా. సాయంత్రం పెట్టుకుందామా?" అన్నారు. బాబాయి కళ్ళు నులుముకుంటూ, "భరద్వాజ్, నేను నైట్ చేసి వచ్చానయ్యా. నాకిప్పుడు ఏ కాలమూ తెలీట్లేదు. తలుపు తియ్యి" అన్నారు.

లోపలికి వెళ్ళాం. బాబాయి గదులేవీ చూడలేదు. నేరుగా పడకగదిలోకి వెళ్ళి, బ్యాగు తలకింద పెట్టుకుని, ఖాళీ నేల మీద పడుకున్నారు. అంకుల్ కంగారుపడ్డారు. "ఏవండీ, ఒంట్లో బాగోలేదా?" "బాగానే ఉంది. ఇల్లు చూస్తున్నాను" అన్నారు బాబాయి, కళ్ళు మూసుకుని.

కిటికీలన్నీ నేనే మూశాను. సరిగ్గా ఆ కిటికీ కిందే సిగ్నలు. లారీలు అక్కడ ఆగుతాయి. పచ్చలైటు పడగానే ఎత్తు ఎక్కడానికి మూలుగుతూ కదులుతాయి. ఒకటి వెళ్ళిందనుకునేలోపు ఇంకొకటి. ప్రతిసారీ కిటికీ చువ్వలు సన్నగా మోగుతున్నాయి. అంకుల్, "మందపాటి కర్టెన్లు వేయిస్తే సగం తగ్గిపోతుందండీ" అన్నారు. బాబాయి కళ్ళు తెరవకుండానే, "చెవులకైతే వేయించొచ్చు. అదురు నేలలోంచి వస్తోంది. కర్టెన్లు వీపుకు కట్టుకోనా?" అన్నారు. చాలాసేపు అలాగే ప్రయత్నించారు. ముడుచుకున్న ఆయన కనుబొమలు ఒక్కసారీ సడలలేదు.

తిరిగి వస్తుంటే లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటు చైనీస్ ఆంటీని అడిగాను, రోజూ ఇంతేనా అని. "ఎవ్రీడే లైక్ దట్ లా! సండే ఓన్లీ క్వయెట్" అంది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

అంకుల్‌ను అక్కడే నిలదీశాను. ఈ సంగతి మాకెందుకు చెప్పలేదని. ఆయన నొచ్చుకున్నారు. "మనవాళ్ళు ఆదివారం తప్ప రానంటారమ్మా. అడిగిన ముహూర్తానికి చూపిస్తాను. నేనేం చెయ్యను?" న్యాయంగా చెప్పాలంటే ఆయన అబద్ధమాడలేదు. మనం ఎంచుకున్న వేళలే మనకు అబద్ధం చెప్పాయి.

ఇక నా వైపు లెక్క. నేను మొదటి ఉత్తరం నిండా కప్పు గురించి వాదించాను, తేలికగా గెలవగలిగిన వాదన గనుక. కప్పును బాగుచేసుకోవచ్చు. వీధిని ఎవరు బాగుచేస్తారు? ఇల్లు వద్దన్న నా మాట నిలిచింది, చూపిన కారణం మాత్రం నిలవలేదు. మా క్లబ్బులో ఇలాంటి గెలుపుకు చప్పట్లు కొట్టరు.

ఒక పద్ధతి చెబుతాను, విను. ఇక మీదట ఏ ఇల్లయినా పనిరోజున, పట్టపగలు చూడండి. ముందు బాబాయి పడుకోవాలి. దిక్కులు ఆ తరువాత.

మహతి

*

జురాంగ్ వెస్ట్
నెల దాటాక, గురువారం

చిరంజీవి మహతికి,

ఆదివారం బయానా ఇవ్వలేదని నీకు తెలుసు. ఆ తరువాత నీ పద్ధతే పట్టాం. ఎన్ని ఇళ్ళలో నేల మీద పడుకున్నారో మీ బాబాయి! ఒకచోట పిల్లి వచ్చి పొట్ట మీద కూర్చుంది. ఇంకోచోట ఇంటాయన భయపడి అంబులెన్సుకు ఫోను చేయబోయాడు. భరద్వాజ్ గారికైతే అలవాటైపోయింది, ఇప్పుడు ఒక చాప కారులోనే పెట్టుకుని తిరుగుతున్నారు.

ఈ మధ్యాహ్నం బుకిట్ బాతోక్‌లో ఒక ఇల్లు చూశాం. బ్లాకు వెనక భాగం, కిటికీకి ఎదురుగా గుట్ట, చెట్లు. రోహానా అని ఒక మలయ్ పెద్దావిడది. ఇక్కడ అలాంటి పెద్దావిడల్ని మక్‌చిక్ అంటారు కదా, ఏజెంటుతో సహా అందరూ అలాగే పిలుస్తున్నారు. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోందట. మేం చెప్పులు విడవకముందే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. కప్పులో ఒక మూల పెచ్చు ఊడి చువ్వ కనిపిస్తోంది. "సీ ఫస్ట్! లేటర్ డోంట్ స్కోల్డ్ మీ" అంది. రంగు లేదు, ముసుగు లేదు.

మీ బాబాయి చాప పరుచుకున్నారు. నేనూ ఆవిడా వంటింట్లో ఉన్నాం. ఆవిడ ఎండుమిరపకాయలు, రొయ్యల ముద్ద కలిపి నూనెలో వేయిస్తోంది, తలుపులన్నీ బార్లా తీసి! నాకు పొరపోయింది. ఆవిడా దగ్గింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా గట్టిగా దగ్గాం, నవ్వాం. అప్పుడు వినపడింది లోపల్నుంచి. గురక.

నేను లేపబోయాను, పరాయి ఇల్లు కదా అని. "లెట్ హిమ్ స్లీప్ లా" అని ఆవిడ గది తలుపు దగ్గరగా వేసింది. ప్రార్థన వేళయితే హాల్లో పెదవులు మాత్రం కదుపుతూ చేసుకుంది, ఆయన లేస్తారని. నేను స్టూలు మీద కూర్చుని ఆ గురక విన్నాను. మీ అమ్మకు చెప్పకు, ఏడ్చాను. ఆయన లేచి, "బస్సు దాటిపోయిందా?" అన్నారు. మొహం ఉబ్బి, చెంప మీద చాప అచ్చు పడి, చిన్నపిల్లాడిలా ఉన్నారు.

ఇంటికొచ్చి క్యాలెండరు చూశాను. ఆయన నిద్రపోయింది రాహుకాలంలోనే. తెలిసి వెళ్ళలేదు నేను, మాటల్లో మర్చిపోయాను. ఆ పంచాంగం పిచ్చి మీ అమ్మమ్మ నాకు పాలతో పోసింది, ఒక్కరోజులో పోదు. కానీ మర్చిపోగలనని తెలిసింది.

ఇప్పుడు కష్టం విను. గుమ్మం దక్షిణం. ఫోనులో దిక్సూచి పెట్టి నాలుగు వైపులా తిరిగి చూశాను, నిలువునా దక్షిణమే. కమలాదేవి వదిన ఫోనులోనే "యమస్థానమే ఉమా!" అని గుండెలు బాదుకుంది. వచ్చే ఆదివారం అందరూ భోజనానికి వస్తున్నారు. మీ అమ్మ వీడియోలో ఉంటుంది. ముక్తకంఠంతో వద్దంటారు. పైగా నీ మొదటి ఉత్తరం నాకే అడ్డొస్తోంది. పెచ్చులూడే ఇల్లు వద్దన్నావుగా? ఏం సమాధానం చెప్పను? ఇంజినీరును పిలిపించాం. పైపై తుప్పేనట, స్లాబు గట్టిదేనట. తాళాలిచ్చేలోపు బాగుచేయించి ఇస్తానని మక్‌చిక్ రాసిస్తానంది.

నాకు సంతకం పెట్టాలని ఉంది. నలుగురిలో నోరు పెగలదు. నువ్వు రావద్దు, వస్తే గొడవవుతుంది. ఉత్తరం పంపు. నేను లేచి నిలబడి చదువుతాను. అలారం సంగతి కూడా రాయమన్నారు మీ బాబాయి. "దాచినచోటే తుప్పు పడుతుంది, రాయమను" అన్నారు.

నీ నోరు నాకు అరువివ్వవే.

పిన్ని

*

కెంట్ రిడ్జ్
శనివారం

పిన్ని చదువుతుండగా వింటున్న అమ్మకు, గంగాధర్ బాబాయికి, కమలాదేవి ఆంటీకి, భరద్వాజ్ అంకుల్‌కు,

నమస్కారాలు. గొంతు పిన్నిది, మాటలు నావి. కోపం వస్తే నా మీదే చూపండి.

మొదట, నా మీది ఆక్షేపణ. బూన్ లే ఇంట్లో పెచ్చు ఊడితే మోసమన్న మహతి, బుకిట్ బాతోక్ ఇంట్లో ఊడితే మంచిదంటుందా? అంటాను. అక్కడ లోపాన్ని రంగుతో కప్పారు. ఇక్కడ ఇల్లావిడ చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి చూపించింది. కప్పిన లోపం మన మీద పడుతుంది. చూపిన లోపాన్ని మనం బాగుచేయించుకుంటాం. ఇంజినీరు చూశాడు, ఇల్లావిడ మాట ఇచ్చింది, ఆ మాట కాగితం మీదికి వస్తుంది.

రెండవది, దక్షిణం. అది యముడి దిక్కు అంటారు ఆంటీ. ఒప్పుకుంటున్నాను. అయితే మీకు తెలియని ఒక సంగతి బాబాయి అనుమతితో చెబుతున్నాను. కొన్ని వారాల కిందట, నిద్రలేని బాబాయికి డ్యూటీ కుర్చీలోనే కునుకు పట్టింది. అలారం మోగినా లేవలేదు. పక్కనున్నవారు అందుకున్నారు కాబట్టి ఈ రోజు మీరంతా ఆయనతో కలిసి భోంచేస్తున్నారు. యముడు ఆ కుర్చీ దాకా వచ్చి వెనుదిరిగాడు. ఆ సాయంత్రం బాబాయి ఏ గుమ్మం దాటి డ్యూటీకి వెళ్ళారు? మీరిప్పుడు కూర్చున్న ఈ అద్దె ఇంటి గుమ్మమే. దాని దిక్కు చూడండి. తూర్పు.

నేను శాస్త్రాన్ని ఎగతాళి చేయడం లేదు. ఇంట్లో మనుషులు సుఖంగా ఉండాలనే పెద్దలు ఇల్లు కట్టుకునే శాస్త్రం రాశారు. గాలి ఎటు రావాలో, పొయ్యి ఎక్కడ ఉండాలో చెప్పారు. పట్టపగలు నిద్రపోవలసిన మనిషిని, సిగ్నలు దగ్గర మూలిగే లారీని వారు చూడలేదు. చూసి ఉంటే, ఆ మనిషికి నిద్ర పట్టే గదినే ముందు వెతకమని రాసేవారు. వారు రాయలేకపోయిన ఆ వాక్యాన్ని బాబాయి నెల రోజులుగా ఇళ్ళ నేలల మీద పడుకుని రాశారు.

కాబట్టి ఈ భోజనాల దగ్గర ఎవరూ తీర్పు చెప్పకండి. చూడని ఇంటి మీద తీర్పు చెల్లదు. వచ్చే గురువారం మధ్యాహ్నం బుకిట్ బాతోక్‌కు రండి. వేళ నేను కావాలనే ఎంచాను. బాబాయి డ్యూటీ దిగి వచ్చి ఆ గదిలో పడుకుంటారు; ఫోనులో అడిగితే ఇల్లావిడ రోహానా గారు సరేనన్నారు. అమ్మా, నువ్వు ఫోనులోనే విను. ఆంటీ, గాజులు చప్పుడు కాకుండా పట్టుకోండి. అందరూ ఆ తలుపు బయట, నోరు మెదపకుండా, కాసేపు నిలబడండి. లోపలి శబ్దం వినండి.

విన్నాక కూడా ఈ ఇల్లు వద్దనగలిగినవారు, తలుపు తోసి, ఆయన్ని నిద్రలేపి, ఆ మాట ఆయన మొహం మీదే చెప్పండి. లేపడానికి చెయ్యి రానివారు, పిన్ని వెంట సంతకానికి నడవండి.

మహతి